చిన్నోడి క్రిస్మస్ – ముఖలింగానికి చేరిన మూట



డిసెంబరు నెల వచ్చిందంటే మా పల్లె విడిచి ఎక్కడికీ కదలనివాళ్లము మేము. మందిరానికి సున్నం వేయించడం, వెదురు బద్దలతో నక్షత్రం కట్టించడం, 24వ తారీఖు రాత్రి పిల్లలను వెంటబెట్టుకొని ఇల్లిల్లూ తిరిగి పాటలు పాడించడం, ఇదే మాకు పండుగ. అలాంటిది కిందటి క్రిస్మస్‌కు మేమిద్దరమూ విశాఖపట్నంలో ఒక పెద్ద హోటల్లో రెండు రాత్రులు గడిపి, అక్కడినుంచి శ్రీముఖలింగం వెళ్లి వచ్చాము. ఆ ప్రయాణం ఎందుకు చేయవలసి వచ్చిందో చెప్పాలంటే ముందు మా చిన్నోడి సంగతి చెప్పాలి.

చిన్నోడు మా అమ్మాయి కొడుకు. వయసు ఎనిమిదేళ్లు, అల్లరి మాత్రం పదహారేళ్లకు సరిపడా ఉంది. ఆ ముందు సంవత్సరం మా మందిరంలో క్రిస్మస్ నాటకానికి వాడికి గొర్రెల కాపరి వేషం ఇచ్చారు. కాపరి దగ్గర మంద లేకపోతే ఎలాగని, ఎవరికీ చెప్పకుండా పక్కింటివారి మేకపిల్లను చంకనబెట్టుకొని వేదిక ఎక్కాడు. దేవదూత కాపరులకు శుభవార్త చెబుతూ ఉండగా ఆ మేకపిల్ల దేవదూత కాగితపు రెక్కను నమలసాగింది. సంఘమంతా నవ్వింది. పాస్టరుగారు కూడా నవ్వాపుకోలేక ప్రార్థనకు తలలు వంచమన్నారు.

వాడికి హోటల్ పిచ్చి పట్టించింది ఒక సినిమా. 1992లో వచ్చిన 'హోమ్ ఎలోన్ 2' అనే ఇంగ్లీషు చిత్రాన్ని టీవీలో చూశాడు. కెవిన్ అనే కుర్రవాడు క్రిస్మస్ సెలవులకు ఇంటివారితో బయలుదేరి, విమానాశ్రయంలో పొరబాటున వేరే విమానం ఎక్కి, ఒంటరిగా న్యూయార్క్ చేరతాడు. తండ్రి కార్డు చూపించి ప్లాజా అనే మహా హోటల్లో గది తీసుకొంటాడు. కావలసినంత ఐస్‌క్రీము, మెత్తని మంచం, అడిగేవారు లేరు. చివరికి గదికి తెప్పించుకొన్న తిండికే 967 డాలర్ల బిల్లు రాగా తండ్రి పెట్టిన కేక ఊరంతా వినిపిస్తుంది. ఆ ప్లాజా హోటల్ నిజంగానే ఉంది. 1907 అక్టోబరు 1న తెరిచారు. ఎలోయీజ్ అనే ఆరేళ్ల అల్లరి పిల్ల ఆ హోటల్లోనే పై అంతస్తులో ఉంటున్నట్లు కే థాంప్సన్ అనే రచయిత్రి 1955లో ఒక పిల్లల పుస్తకం రాసింది. ఆ పిల్ల క్రిస్మస్ పండుగ మీద 1958లో మరొక పుస్తకం వచ్చింది. బొమ్మలు వేసినవాడు హిలరీ నైట్. ఆ పిల్ల తల్లి ఎప్పుడూ ఊళ్లో ఉండదు. పెంచేది దాది. చుట్టుపక్కల కనిపించేదంతా హోటల్ పనివారే.

ఈ కథలు మేము చెప్పడమే పొరబాటయింది. "తాతా, మనం కూడా క్రిస్మస్‌కు పెద్ద హోటల్‌కు వెళ్దాం" అని రోజూ ఒకటే పాట. దేవుడు పిల్లల మాట త్వరగా వింటాడేమో, ఆ నవంబరులోనే మా అల్లుడు పనిచేసే కంపెనీవారు బాగా పనిచేసినందుకు బహుమానంగా విశాఖ సముద్రతీరంలో ఒక పెద్ద హోటల్లో రెండు రాత్రులకు గదులు ఇచ్చారు. 23, 24 తేదీలు. పెద్దవాళ్లు కూడా రావలసిందేనని అమ్మాయి పట్టుబట్టింది.

వెళ్లాము. పాలరాతి నేల మీద చెప్పులతో నడవడానికే మాకు మొహమాటం వేసింది. హాలు మధ్య రెండు తాటిచెట్ల ఎత్తున క్రిస్మస్ చెట్టు, దానినిండా దీపాలు. గుమ్మంలో అద్దాల తలుపు గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. చిన్నోడు లోపలికి రాకుండా ఆ తలుపుతోపాటు తిరుగుతూనే ఉన్నాడు. పట్టుకొని లాగి అడిగితే, "ఏడుసార్లు తిరిగాను తాతా, యెరికో గోడలా కూలుతుందేమోనని" అన్నాడు. మేడ మెట్లు ఎక్కనక్కరలేని లిఫ్టులో ఉన్న మీటలన్నీ ఒక్కసారే నొక్కి, పై అంతస్తుకు పోవలసిన పెద్దమనుషులందరినీ ప్రతి అంతస్తులో ఆపాడు. మేము సాయంకాల ప్రార్థనలో ఉండగా ఫోను తీసి రెండుసార్లు ఐస్‌క్రీము తెప్పించాడు. ఆ బిల్లు చూసినప్పుడు కెవిన్ తండ్రి కేక ఎందుకు పెట్టాడో మాకు బాగా అర్థమైంది.

24వ తారీఖు సాయంత్రం హాలులో క్రిస్మస్ తాత వచ్చాడు. ఎర్ర అంగీ, తెల్లని గడ్డం, భుజాన మూట. పిల్లలందరూ వరుసగా నిలబడి చాక్లెట్లు తీసుకొంటున్నారు. మా వాడి వంతు వచ్చింది. చాక్లెట్ తీసుకొన్నాడు, జేబులో వేసుకొన్నాడు, రెండు చేతులతో గడ్డం పట్టి ఒక్క గుంజు గుంజాడు. దారం తెగి గడ్డం వాడి చేతికి వచ్చింది. దాని వెనుక ఇరవై రెండు ఇరవై మూడేళ్ల నల్లని కుర్రవాడి ముఖం. చిన్నపిల్లలు కొందరు బావురుమన్నారు. పెద్దలు నవ్వారు. ఆ కుర్రవాడు మాత్రం నవ్వలేదు. పై అధికారి ఒకాయన వచ్చి అతనిని పక్కకు తీసుకొనిపోయి మెల్లని గొంతుతో గట్టిగా మందలించడం మేము చూశాము. చేసింది మా పిల్లవాడు, మాట పడింది అతడు. మేము వెళ్లి తప్పు మాదని చెప్పి, చిన్నోడిని గదికి తీసుకొనిపోయి చీవాట్లు పెట్టాము. వాడు ఎన్నడూ లేనిది ఒక్కమాట ఎదురు చెప్పలేదు.

అరగంట తరువాత చూస్తే వాడు గదిలో లేడు.

ఆ తరువాతి గంట ఎలా గడిచిందో మాకే తెలియదు. మొదట ఈతకొలను దగ్గరికి పరుగెత్తాము. నీళ్లు నిలకడగా ఉన్నాయి. ఎదురుగా రోడ్డు, రోడ్డు అవతల సముద్రం. చీకట్లో అలల చప్పుడు వింటూ ఉంటే మా కాళ్లు ఆడలేదు. అమ్మాయి ఏడుస్తూ ఇసుకలోకి పరుగెత్తింది. సినిమాలో పిల్లవాడు తప్పిపోతే నవ్వుకొంటూ చూశాము గాని, ఆ తల్లి కడుపుకోత మాకు అప్పుడు తెలిసింది. మెట్ల మీదే మోకరించి, "ప్రభువా, మా బిడ్డను మాకు చూపించు" అని మొరపెట్టాము.

చివరికి ఒక ఊడ్చే ఆమె వచ్చి, "అమ్మా, మీ బాబు కింద మాతోనే ఉన్నాడు" అని చెప్పింది. వంటగది పక్కగా పనివారు మాత్రమే పోయే చిన్న తలుపు ఉంది. తల వంచుకొని లోపలికి వెళ్లి మెట్లు దిగాము. కింద పాలరాయి లేదు, చెట్టు లేదు. సిమెంటు నేల, దుప్పట్ల మూటలు, గిన్నెలు తోమే చప్పుడు. బోర్లించిన పెట్టె మీద చిన్నోడు కూర్చొని స్టీలు పళ్లెంలో పెరుగన్నం తింటున్నాడు. పక్కన ఆ కుర్రవాడు, ముఖాన మళ్లీ గడ్డం. ఏమిటా అని చూస్తే చిన్నోడి ఒక బూటుకు లేసు లేదు. ఆ లేసుతోనే గడ్డం కట్టారు!

"సారీ చెప్పడానికి వచ్చాను తాతా. దారం నేనే తెంపాను కదా" అన్నాడు.

మాకు కోపం ఎక్కడికి పోయిందో. ఆ కుర్రవాడు లేచి నిలబడి, "పర్లేదండి బావూ, పిల్లడే గదా. కోప్పడకండి" అన్నాడు. పైన హాలులో ఇంగ్లీషులో గుడ్ ఈవినింగ్ చెప్పినవాడు కింద తన మాటలో మాట్లాడేసరికి మా చెవులు నిక్కబొడుచుకొన్నాయి. "మీది శ్రీకాకుళం వైపా?" అని అడిగాము. "అవునండి. మాది ముకలింగమండి" అన్నాడు.

ఇంట్లో తల్లి ఒక్కతే. తండ్రి పోయాడు. ఉన్న ఊళ్లో పని చాలక పట్నం వచ్చాడు. తల్లిని చూసి ఎనిమిది నెలలు. పండుగ రోజుల్లోనే హోటల్‌కు రద్దీ, కనుక పండుగలకు సెలవు ఉండదు. "క్రిస్మస్ తాత అందరికీ ఇస్తాడు, మరి నీకెవరు తెస్తారు?" అని చిన్నోడు అడిగాడు. "మాకు నెలాకరికి జీతం తెస్తాదిలే" అని అతడు నవ్వాడు. తరువాత సిగ్గుపడుతూ ఒక సంచి తీశాడు. తల్లికోసం కొన్న రగ్గు. చలికాలం వెళ్లిపోయేలోగా పంపుదామంటే ఆ వైపు పోయేవారు దొరకలేదట. "మీరెప్పుడైనా అటేపు ఎల్తే..." అని ఆగిపోయాడు.

మా ఊరు విజయనగరం జిల్లాలో ఉంది, ముఖలింగం మా దారి కాదు. మేము ఆ మాట అనేలోగానే చిన్నోడు సంచి చంకన పెట్టుకొన్నాడు, మునుపు మేకపిల్లను పెట్టుకొన్నట్లే.

క్రిస్మస్ ఉదయం పట్నంలో ఆరాధనకు వెళ్లాము. అమ్మాయి, అల్లుడు ఉద్యోగాలకు తిరిగి వెళ్లగా, సెలవులకు చిన్నోడు మాతో ఉండిపోయాడు. 26వ తారీఖు తెల్లవారే శ్రీకాకుళం బస్సు ఎక్కాము. శ్రీకాకుళం నుంచి శ్రీముఖలింగం సుమారు 46 కిలోమీటర్లు. నరసన్నపేట దాటి జలుమూరు మండలంలోకి తిరిగితే ఇక పల్లెదారి. కోతలైపోయి పొలాల్లో వరి కుప్పలు, కళ్లాల్లో నూర్పులు, దుమ్ములో పిచ్చుకలు. ఊరు వంశధార నది ఎడమగట్టున ఉంది. ఒడిశా కొండల్లో పుట్టి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిసే ఈ నది డిసెంబరులో సన్నబడి ఇసుక తిన్నెల మధ్య పారుతూ ఉంటుంది.

ఊరి మొదట్లోనే పాతకాలపు రాతి గుడి కనబడింది, సోమేశ్వరాలయం. ఇంకా భీమేశ్వరాలయం, అన్నిటికంటె ముఖ్యమైనది మధుకేశ్వరాలయం ఉన్నాయి. మధుకమంటే ఇప్పచెట్టు. సవరల ఇప్పచెట్టు మొదట్లో శివుడు కనిపించాడని ఇక్కడి స్థలపురాణం. ఈ గుడులు కట్టి వెయ్యేళ్లు దాటింది. తూర్పు గాంగ రాజుల రాజధాని కళింగనగరం ఈ ఊరేనని చరిత్రకారులు చెబుతారు. 1078లో పట్టానికి వచ్చిన అనంతవర్మ చోడగంగదేవుని కాలంలో రాజధాని ఇక్కడినుంచి కటకానికి మారింది. పూరీ జగన్నాథాలయం కట్టించడం మొదలుపెట్టినది కూడా ఆయనే. కళింగనగరం ఇదేనని శాసనాలు చదివి వాదించినవారిలో గిడుగు రామమూర్తి పంతులుగారు ఒకరు. ఆయన పుట్టినది 1863 ఆగస్టు 29న, ఈ ముఖలింగం దగ్గరే ఉన్న పర్వతాలపేటలో. ప్రజలు మాట్లాడే తెలుగే పుస్తకాల్లోకి రావాలని పోరాడినవాడు, సవరల భాష నేర్చి వారికోసం పాటుపడినవాడు. హోటల్ కింద మెట్ల దగ్గర మా చెవిని పట్టి ఆపిన ఆ మాటే, ఆయన చిన్ననాట విన్న మాట.

ఒకప్పుడు రాజులు, శిల్పులు, పండితులు నలుదిక్కులనుంచి ఈ ఊరికి వచ్చేవారు. ఇప్పుడు ఈ చుట్టుపక్కల కుర్రవాళ్లు సంచి భుజాన వేసుకొని విశాఖకు, హైదరాబాదుకు, చెన్నైకి పనికి పోతున్నారు. మహా నగరాలు ఎప్పటికీ ఒక్కచోట ఉండవు. రేపు ఏ హోటల్ పాడుబడుతుందో, ఏ పల్లె పట్నమవుతుందో దేవునికే తెలుసు.

అడుగగా అడుగగా ఇల్లు దొరికింది. ఆ తల్లి వాకిట్లో బియ్యం చెరుగుతూ ఉంది. కొడుకు పేరు చెప్పగానే చేట జారవిడిచింది. "ఓలమ్మో, నా గుంటడికేటైనాది?" అని గుండె పట్టుకొంది. కుశలమేనని చెప్పి రగ్గు చేతిలో పెట్టాము. దాన్ని విప్పలేదు, ముఖానికి ఆనించుకొని అలాగే కాసేపు నిలబడింది.

అప్పుడు చిన్నోడు ముందుకు వచ్చి, ఎవరూ అడగకుండానే, "మామ్మా, మీ అబ్బాయి గడ్డం నేనే పీకాను" అని ఒప్పుకొన్నాడు. ఆమెకు ఏమీ అర్థం కాలేదు. "నా కొడుక్కి గెడ్డమేటి, బావూ?" అంది. చెప్పడం కంటే చూపించడం మేలని మా ఫోనులో అతనికి వీడియో కాల్ చేశాము. కొత్త సంవత్సరం వరకు ఆ వేషమే కాబట్టి, తెరమీద ఎర్ర అంగీ, తెల్ల గడ్డం కనిపించాయి. ఆమె కళ్లు చిట్లించి చూసి, "ఈ ముసలాయనెవలు?" అంది. కన్నతల్లి కొడుకును గుర్తుపట్టలేదు!

"తీసేయ్ అన్నా! గడ్డం తీసేయ్!" అని చిన్నోడు అరిచాడు.

అతడు అటూ ఇటూ చూసి, ఆ లేసు ముడి విప్పి గడ్డం తీశాడు. తల్లి ఒక్క క్షణం ఆగి, కడుపుబ్బ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చింది. "తిన్నావేటిరా?" అని మాత్రం అడగగలిగింది. చుట్టూ చేరిన ఇరుగుపొరుగువారంతా కళ్లు తుడుచుకొన్నారు, మేము కూడా.

ఆమె మమ్మల్ని కదలనివ్వలేదు. కొత్తబియ్యం అన్నం పెట్టి, చిన్నోడికి వేడివేడి పోకుండలు వండింది. మేము క్రైస్తవులమని తెలిసి, "మీ పండగంట గదా, ఒట్టి సేతుల్తో ఎలా పంపుతాను?" అని అరిటాకులో మరికొన్ని కట్టి ఇచ్చింది. తరువాత గుడి రాతి చెక్కడాలు చూపిస్తానని వాడిని వేలు పట్టుకొని తీసుకొనిపోయింది. గర్భగుడిలో ఒక పెద్ద మట్టి గోలెం ఉందని, అది ద్వారం కంటె పెద్దదని, ఎలా లోపలికి వెళ్లిందో ఎవరికీ తెలియదని ఊరివారు చెప్పుకొనే కథ చెప్పింది. చిన్నోడు ఆలోచించి, "ముందు గోలెం పెట్టి తరువాత గుడి కట్టి ఉంటారు" అన్నాడు. ఆమె వాడి బుగ్గ పుణికి మురిసిపోయింది.

తిరుగు బస్సులో వాడు మా ఒళ్లో పడుకొని అడిగాడు, "అమ్మమ్మా, పెద్దవి చిన్న తలుపులోంచి ఎలా పడతాయి?"

బేత్లెహేములో ప్రభువు పుట్టిన చోట కట్టిన ఆలయానికి ఒక వాకిలి ఉంది. దాని ఎత్తు నాలుగు అడుగులే. గుర్రాల మీద, బండ్ల మీద లోపలికి రాకుండా ఒకప్పుడు ఆ ద్వారాన్ని కుదించారని చెబుతారు. ఎంత గొప్పవాడైనా నడుము వంచి దూరవలసిందే. చిన్నపిల్లలు మాత్రం వంగనక్కరలేదు, నిటారుగా నడిచి వెళ్లిపోతారు. ఇదంతా వాడికి చెప్పాము. చెబుతూ ఉండగానే మాకు హోటల్ వెనుక ఉన్న ఆ పనివారి తలుపు గుర్తుకు వచ్చింది. మేము తల వంచుకొని దూరిన ఆ తలుపులోంచి వాడు నిటారుగా వెళ్లాడు. తప్పు ఒప్పుకోవడానికి ఎనిమిదేళ్లవాడికి ఆ వాకిలి కనిపించింది. రెండు రోజులుగా అక్కడే ఉన్న మాకు అది ఉందని కూడా తెలియదు.

లూకా సువార్తలో రెండు సత్రాలు ఉన్నాయి. రెండవ అధ్యాయంలోని సత్రంలో నిండు చూలాలికి చోటు దొరకలేదు. పదవ అధ్యాయంలోని పూటకూళ్లవాని ఇంట్లో, దారిలో గాయపడినవానికి చోటు దొరికింది, సమరయుడు డబ్బిచ్చి వానిని చూసుకొమ్మని అప్పగించి వెళ్లాడు. ఆ పూటకూళ్లవాని పేరు ఎవరికీ తెలియదు. సమరయుడు వెళ్లిన తరువాత గాయపడినవానిని కనిపెట్టి చూడవలసినది అతడే కదా! మనము పండుగ చేసుకొంటూ ఉండగా మేలుకొని పనిచేసేవారు ఎందరో ఉన్నారు. హోటళ్లలో, ఆసుపత్రులలో, బస్సులలో, రైళ్లలో. వారిలో మన సంఘపు బిడ్డలూ ఉన్నారు, ముఖలింగం బిడ్డలూ ఉన్నారు. ఈ క్రిస్మస్‌కు అలాంటివారు మీకు ఎదురుపడితే, "మీదే ఊరు? అన్నం తిన్నారా?" అని అడగండి. వారి ఇంటికి మోసుకొనిపోవలసిన మూట ఏదైనా ఉందేమో కనుక్కోండి.

ఫిబ్రవరి నెలలో ఒక సాయంత్రం మా ఫోను మోగింది. ముఖలింగం నుంచి ఆ తల్లి, పక్కింటివారి ఫోనులో. కొడుక్కు మూడు రోజులు సెలవు దొరికి ఇంటికి వచ్చాడట. చిన్నోడితో మాట్లాడతానంది. వాడికి ఆమె చెప్పినది ఒకే ఒక్క మాట:

"బావూ, గెడ్డం లేకుండానే వచ్చినాడు!"

మీ అందరి గృహములకు క్రిస్మస్ శుభములు.